తిరిగే సీటు

నేను పిరికిదాన్ని. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పబోయేది కాస్త తేలికవుతుందేమోనని చెబుతున్నాను. బల్లి కనిపిస్తే నాలుగిళ్ళ అవతలికి వినబడేట్టు అరుస్తాను. మా ఆయనేమో బ్యాటరీ మీద రెండు వైర్లు తాకించి, నిప్పురవ్వ ఎగిరితే చూసి నవ్వే మనిషి. ఆ రవ్వ ఎగిరినప్పుడల్లా నేను కుట్టుమిషను ముందు నుంచి లేచి అవతలికి వెళ్ళిపోయేదాన్ని. ఇన్నేళ్ళ కాపురంలోనూ అది నాకు అలవాటు కాలేదు. అలాంటిదాన్ని ఆ ఎండాకాలం రెండు వారాలకు పైగా ఒక కాలిపోయిన కారును గుమ్మంలో పెట్టుకుని బతికాను.

అప్పట్లో మాకొక షెడ్డు ఉండేది. ఒకే రేకుల కప్పు కింద రెండు పనులు నడిచేవి. కుడివైపు మా ఆయన. కార్లకు లైట్లు, హారన్లు, వైరింగు. ఎడమవైపు నేను. సీట్లకు స్పాంజి, రెగ్జిన్ కవర్లు. మధ్యలో స్టూలు మీద మా అత్తగారు. ఆవిడ పని నా సూదుల్లోకి దారం ఎక్కించడమని పేరు, అసలు పని మాత్రం వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించడం. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. కారు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు తమ కీళ్ళనొప్పుల సంగతి కూడా ఆవిడతో చెప్పుకుని వెళ్ళేవారు.

ఆ ఏడాది మేము రెండు తిరిగే సీట్లు చేశాం. నడవలేని మనుషుల కోసం. కారు తలుపు తీసి బటన్ నొక్కితే సీటు బయటివైపు తిరుగుతుంది. చక్రాల కుర్చీలోంచి అందులోకి జరిగి మళ్ళీ నొక్కితే లోపలికి తిరుగుతుంది. కింద మోటారు, దానికి వైరింగు మా ఆయనవి. పైన స్పాంజి, కవరు నావి. మొదటిది లెక్కల మాస్టారి కారులో, ఆయన భార్య కోసం. రెండోది బేకరీ ఆయన కారులో, పదేళ్ళ కూతురి కోసం. కొలతలకు వచ్చినప్పుడు ఆ పాప నా రెగ్జిన్ ముక్కలన్నీ తిరగేసి, "ఇది బొద్దింక రంగు ఆంటీ, నాకొద్దు," అని ఆకుపచ్చది ఏరుకుంది. మా అత్తగారు ఆ మాటకు వారం రోజులు నవ్వింది.

పరీక్షల కాలం మొదలైన రోజుల్లోనే మాస్టారి కారు కాలింది.

మర్నాడు ఉదయం ఒక లారీ దాన్ని లాక్కొచ్చి మా షెడ్డు ముందు ఆగింది. వెనక మాస్టారు ఆటోలో వచ్చారు. చొక్కా చేతులు రెండూ మసి. ఆయన కోపంగా ఉంటే బాగుండేది. చాలా మర్యాదగా మాట్లాడారు.

"ఇక్కడే దింపించమన్నారు బాబూ. ఇన్సూరెన్సు సర్వేయర్ ఫోన్లో చెప్పాడు. తను వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. మార్పులు చేసిన షాపులోనే ఉంచితే, చేసినవాళ్ళను పక్కన నిలబెట్టి అడగడానికి వీలుగా ఉంటుందట."

"ఎప్పుడొస్తాడట ఆయన?" అని మా అత్తగారు అడిగింది.

"రేపో ఎల్లుండో అన్నాడమ్మా."

మా ఆయన గొంతు సవరించుకుని, "అక్కయ్యగారెలా ఉన్నారు?" అన్నాడు.

అప్పుడు చెప్పారు. దారిలో ఉండగా భార్య, "ఎవరో ప్లాస్టిక్ తగలబెడుతున్నారండీ, వాసనొస్తోంది," అందట. అద్దం పైకెత్తమందట. ఎత్తారు. నాలుగు నిమిషాలయ్యాక సీటు కింద నుంచి పొగ కనిపించింది. కారు ఆపి, తలుపు తీసి, బటన్ నొక్కితే సీటు సగం తిరిగి ఆగిపోయింది. రోడ్డు మీద పోయే ఇద్దరు బస్సు కండక్టర్లు వచ్చి ఆవిడను బయటికి లాగారు. అప్పటికి ఆవిడ కుడికాలు చీలమండ నుంచి మోకాలి దాకా కాలిపోయింది. ఆ కాలికి స్పర్శ లేదు కాబట్టి ఆవిడకు తెలియలేదు.

"తన కాలే కాలుతోందని తెలియక అద్దం ఎత్తమంది," అన్నారు మాస్టారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

 ఆ సీటుకు కవరు వేసిన రోజు నాకు వెంటనే గుర్తొచ్చింది.

సీటు తిరిగేటప్పుడు బిగుసుకోకుండా మా ఆయన మోటారు వైరును మూరెడు వదులుగా వదిలాడు. ఆ వదులు కవరు కింద ముందు మూలన బొడిపెలా లేచేది. నా సీట్లలో ముడత ఉండదని ఊళ్ళో పేరు. ఆ పేరంటే నాకు పిచ్చి. బొడిపె కనబడకుండా వైరును స్పాంజి గాడిలోకి కుక్కి, పైన కవరు లాగి, ఫ్రేముకు ఇనుప రింగులు వేసి పటకారుతో నొక్కేశాను. ఒక రింగు నొక్కుతున్నప్పుడు కింద ఏదో మెత్తగా తగిలింది. స్పాంజి అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. రెండో సీటుకూ అదే పని, అదే మూల, అదే రింగు.

మాస్టారు వెళ్ళాక మా ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "నా వైరింగులో తప్పేం లేదు," అన్నాడు. ఎవరూ అడగలేదు. గంటకొకసారి అదే మాట అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని నాకు తోచలేదు. నా భుజాలు నేను తడుముకుంటున్నాను కదా, ఎదుటి మనిషి భుజాలు ఎక్కడ కనిపిస్తాయి? ఆయన వైరింగు తప్పు లేదంటే కవరు తప్పని నాతో అంటున్నాడనుకున్నాను. ఇక నోరు విప్పితే ఒట్టు.

రేపో ఎల్లుండో అన్న సర్వేయర్ రాలేదు. ఆయనకు పక్క ఊళ్ళో వేరే పనులట. కారు అక్కడే ఉంది. అద్దాలు లేని కిటికీలు, పెచ్చులూడిన రంగు, లోపల నల్లటి సీటు ఫ్రేము సగం తిరిగి గుమ్మం వైపు చూస్తూ. నేను మిషను ముందు కూర్చుంటే అది సరిగ్గా నా ఎదురుగా ఉండేది. ఎండెక్కేకొద్దీ దాన్లోంచి కాలిన రబ్బరు వాసన లేచేది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చాక ఆ వాసన తగిలి దించేసేదాన్ని. పనికి వచ్చే కార్లు మా గుమ్మం దాకా వచ్చి, దాన్ని చూసి, వేగం పెంచుకుని వెళ్ళిపోయేవి. పోలీసు జీపు వీధిలో తిరిగితే చాలు, పడిపోయిన సూది వెతుకుతున్నట్టు మిషను కిందికి వంగిపోయేదాన్ని. అది పాల ప్యాకెట్ల కోసం ఆగినా సరే.

నాలుగో రోజు నేనూ మా అత్తగారూ ఆసుపత్రికి వెళ్ళాం. మాస్టారి భార్య మంచం మీద పుస్తకం చదువుకుంటోంది. కాలికి పైనుంచి కింది దాకా తెల్లటి కట్టు. నన్ను చూసి నవ్వింది.

"రా అమ్మా. అలా గుమ్మంలో నిలబడ్డావేం? నేనేం కరవనులే."

"నొప్పిగా ఉందా అక్కయ్యగారూ?"

"నొప్పే లేదు. ఈ కాళ్ళు జన్మలో నాకు చేసిన మేలంటూ ఉంటే ఇదొక్కటే." అని నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. "పోనీలే, నీ సీటు పోయిందని మాత్రం బాధగా ఉంది. ఎంత హాయిగా ఉండేదో. ఒక్క ముడత లేదు. వచ్చినవాళ్ళందరికీ చూపించేదాన్ని."

నేను ఏడ్చేశాను. ఆవిడ తన మీద జాలితో ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. ఆ చెయ్యి నా వీపు మీద ఉన్నంతసేపూ, ఇప్పుడు చెప్పేయ్, ఇప్పుడు చెప్పేయ్ అని లోపల ఒకటే గోల. చెప్పలేదు. బయటికొచ్చాక మా అత్తగారు, "నువ్వలా ఏడిస్తే రోగి భయపడుతుంది," అని మాత్రం అంది.

ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి నా కళ్ళ ముందు మాస్టారి భార్య కాలికి బదులు బేకరీ పాప కాళ్ళు కనిపించడం మొదలైంది. తెల్ల సాక్సులేసుకుని, బూట్లకు ఎప్పుడూ మట్టి అంటని కాళ్ళు. వాటికీ స్పర్శ లేదు. రోజూ పొద్దునా మధ్యాహ్నం ఆ పిల్ల నేను కుట్టిన ఆకుపచ్చ సీటు మీద కూర్చుంటుంది. ఫోన్ చేసి నిజం చెబితే, మాస్టారి కారు నా వల్ల కాలిందని నా నోటితో ఒప్పుకున్నట్టే. చెప్పకపోతే ఆ పిల్ల. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిరికివాళ్ళకు ఇలాంటప్పుడు మూడో దారి ఒకటి కనిపిస్తుంది, అబద్ధం.

మర్నాడు మా ఆయన సామాను కొనడానికి వెళ్ళినప్పుడు బేకరీకి ఫోన్ చేశాను.

"అన్నయ్యా, నేను, సీట్లు కుట్టే చెల్లెమ్మను. ఎండాకాలం కదా, మా దగ్గర చేయించుకున్నవాళ్ళ సీట్లు ఊరికే చూసి పెడుతున్నాం. ఒకసారి కారు తీసుకొస్తారా?"

"ఊరికేనా? చెల్లెమ్మా, నీకు ఒంట్లో బాగానే ఉందా?" అని గట్టిగా నవ్వాడు. వెనక పళ్ళేల చప్పుడు. "అవునూ, ఎవరిదో కారు కాలిందటగా మీ దగ్గర?"

"అది... ఇంజన్లో ఏదో అట అన్నయ్యా."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నేను వెతుక్కోనే లేదు.

"ఇంజన్లోనా! హమ్మయ్య. మా ఆవిడ నిన్నటి నుంచి నా ప్రాణం తీస్తోంది. మన సీటుకేం ఢోకా లేదమ్మా. ఆ మధ్య ఒకట్రెండుసార్లు తిరగకుండా ఆగింది. మా ఓవెన్ బాగుచేసేవాడు చూసి, ఫ్యూజు పోయిందని దాని చోట రాగితీగ చుట్టి పెట్టాడు. అప్పట్నుంచి బ్రహ్మాండంగా తిరుగుతోంది. పరీక్షలయ్యాక తెస్తాలే."

బ్రహ్మాండంగా అన్న ఒక్క మాటే నా చెవికెక్కింది. ఫ్యూజు, రాగితీగ, అవన్నీ మా ఆయన భాష. బాగా తిరుగుతోందంటే వైరు బాగున్నట్టే, నా రింగు అక్కడ సరిగ్గా పడినట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ పూట కడుపునిండా తిన్నాను కూడా.

ఫోన్ పెట్టేసి తిరిగితే మా అత్తగారు స్టూలు మీద నుంచి నన్నే చూస్తోంది.

"అమ్మాయ్, ఇంజన్లో అని ఎవరు చెప్పారు?"

"అందరూ అనుకుంటున్నారు అత్తయ్యా."

"అందరిలో నేనూ ఉండాలిగా. నేనెప్పుడు అనుకున్నాను?"

 ఆవిడ సూదిలోకి దారం ఎక్కించి నా చేతికిచ్చింది. ఆ తర్వాత రోజుల్లో ఆవిడ ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. మాస్టారి సంగతి అడిగినవాళ్ళకు, "నాకేం తెలుసు, ముసలిదాన్ని," అనేది. మా అత్తగారు నోరు మూసుకున్న షెడ్డులో రేకులు ఎండకు టిక్కుటిక్కుమనడం కూడా వినబడేది. నాకది కారు వాసన కంటే ఎక్కువ భయంగా ఉండేది.

మా ఆయన తిండి తగ్గించాడు. రాత్రిళ్ళు నిద్రలేదని కళ్ళే చెప్పేవి. పళ్ళెం పక్కన పళ్ళెం పెట్టుకుని తినేవాళ్ళం, ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. ఆయనకు నా మీద అనుమానమని నేను. నాకు ఆయన మీద అనుమానమని ఆయన. ఆ సంగతి తర్వాత తెలిసింది.

రెండు వారాలు దాటాక సర్వేయర్ కబురు పెట్టాడు. రేపు వస్తున్నాడట, ఈసారి ఖాయమట. రేపు ఆయన వచ్చి ఆ ఫ్రేమును చూస్తాడు, మాడిన వైరు మీద కొరుక్కుని కూర్చున్న నా రింగును చూస్తాడు. ఆలోచించగా ఆలోచించగా నాకొక దారి దొరికింది. రింగు లేకపోతే చూడటానికేం ఉంటుంది?

మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుంటే వీధిలో కుక్క కూడా లేదు. అత్తగారు ఇంట్లో పడుకుంది. మా ఆయన బయటికెళ్ళాడనుకున్నాను. పటకారు కొంగులో దాచుకుని, చెప్పులు విప్పి, దొంగలా కారు దగ్గరికి వెళ్ళాను. ఎడమవైపు తలుపులోంచి వంగి లోపలికి చెయ్యి పెట్టబోయాను.

అవతలి వైపు నుంచి ఇంకో చెయ్యి లోపల ఉంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. అరవకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఆ చెయ్యి వెనక మా ఆయన ముఖం, మసి, చెమట. స్టీరింగు కింద ఫ్యూజుల పెట్టె దగ్గర స్క్రూడ్రైవరు పట్టుకుని గడ్డకట్టుకుపోయి ఉన్నాడు. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయాం.

"నువ్వేంటి ఇక్కడ?" అన్నాడు గుసగుసగా.

"మీరేంటి?"

ఆయన గుప్పిట విప్పాడు. అందులో ఒక కొత్త చిన్న ఫ్యూజు. నేను కొంగులోంచి పటకారు తీశాను.

"ఫ్యూజు మాటిమాటికీ పోతోందని మాస్టారు రెండుసార్లు తెచ్చారుగా," అన్నాడు. "ఎందుకు పోతోందో వెతకలేదు. ఆ రోజు చేతినిండా పని. రెట్టింపు కరెంటు తట్టుకునేది పెట్టి పంపించేశాను. అదే చేసింది ఇదంతా. చిన్నది పెట్టేస్తే సర్వేయర్‌కు..." అని ఆగాడు. "నువ్వెందుకొచ్చావు?"

చెప్పాను. బొడిపె, గాడి, రింగు, మెత్తగా తగలడం. అంతా చెప్పాను.

విన్నాక ఆయన ఊపిరి వదిలాడు. నాకూ తేలికైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిమిషంలో మా ఇద్దరికీ కలిగింది సంతోషమే. తప్పంతా నా ఒక్కదానిది కాదని నాకు. తన ఒక్కడిది కాదని ఆయనకు. ఒక మనిషి కాలు కాలిపోయిన కారులో తలలు పెట్టుకుని మొగుడూ పెళ్ళాం కొంచెం నవ్వుకున్నాం కూడా.

"నీ రింగు వైరును కొరికింది. అందుకే ఫ్యూజు పోయేది. పోయిన ప్రతిసారీ అది మనకు చెబుతూనే ఉంది," అన్నాడు. "చిన్న ఫ్యూజు ఉండనిస్తే సీటు ఆగిపోయేది, అంతే. కాలేది కాదు. నీది ఒక్కటే అయినా ఏం కాదు, నాది ఒక్కటే అయినా ఏం కాదు. రెండూ కలిశాయి."

"మరి బేకరీ కారు?"

"దానికేం భయం లేదు. దానికి నేను చిన్న ఫ్యూజే వేశాను. ఇన్ని రోజులూ ఆ ఒక్క ధైర్యంతోనే ఉన్నాను."

"అవును, ఆయన కూడా బాగా తిరుగుతోందన్నాడు," అన్నాను. "మధ్యలో ఆగితే, వాళ్ళ ఓవెన్ బాగుచేసేవాడు ఫ్యూజు చోట రాగితీగ చుట్టాడట. అప్పట్నుంచి ఆగడమే లేదట."

మా ఆయన చేతిలో ఫ్యూజు కింద పడింది. వంగి తీయలేదు.

"ఏం చుట్టాడు?"

"రాగితీగ."

"ఎప్పుడు చెప్పాడు నీకు?"

నేను చెప్పేలోపే ఆయన ఫోన్ తీశాడు. మోగుతోంది, ఎవరూ ఎత్తరు. రెండోసారి చేస్తే బేకరీలో పనిచేసేవాడు ఎత్తాడు. ఓనరు ఫోన్ ఇక్కడే వదిలేసి పాపను తేవడానికి స్కూలుకెళ్ళారన్నాడు. ఈ రోజు ఆఖరి పరీక్షట, అటు నుంచి అటే ఊరికి బయల్దేరుతున్నారట, ఎనిమిది గంటల ప్రయాణమట.

చెప్పులు ఎక్కడ విప్పానో కూడా వెతకలేదు. స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాను. ఆయన ఎంత వేగంగా నడిపాడో తెలియదు. నేను కళ్ళు మూసుకుని రోడ్డు మీద పొగ వాసన కోసం గాలి పీలుస్తూనే ఉన్నాను. ప్రతి మలుపులోనూ వచ్చినట్టే అనిపించింది. ఒక టీ దుకాణం దగ్గర నిజంగానే వచ్చింది. నా నోట్లోంచి ఏదో శబ్దం వస్తే ఆయన, "పొయ్యి, పొయ్యి, అది పొయ్యి," అని అరిచాడు.  నిప్పురవ్వలతో ఆడుకునే మనిషి భయపడటం అదే మొదటిసారి చూడటం.

స్కూలు గేటు ముందు పిల్లలు, సంచులు, కేకలు. చెట్టు నీడన బేకరీ ఆయన కారు. వెనక డిక్కీ పైకెత్తి ఆయన చక్రాల కుర్చీ మడిచి లోపల పెడుతున్నాడు. ముందు తలుపు తీసి ఉంది. ఆకుపచ్చ సీటు బయటికి తిరిగి ఉంది, దాని మీద పాప, తెల్ల సాక్సులు, ఒళ్ళో పరీక్ష అట్ట. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"ఆంటీ! సెలవులు! చూడండి, నా అంతట నేనే లోపలికి వెళ్ళిపోతాను."

వేలు బటన్ మీద పెట్టింది.

"నొక్కొద్దు!"

గేటు దగ్గరున్నవాళ్ళంతా వెనక్కి తిరిగారు. పాప వేలు గాల్లో ఆగిపోయింది. మా ఆయన పరిగెత్తుకెళ్ళి ఫ్యూజుల పెట్టె మూత పీకాడు. రాగితీగను చేత్తోనే లాగి, చురుక్కుమంటే చెయ్యి విదిలించాడు. అప్పటికే అది వేడిగా ఉంది. నేను పాపను రెండు చేతులతో ఎత్తుకున్నాను. బరువుగా, చల్లగా, నా మెడ చుట్టూ చేతులేసి, "ఏమైంది ఆంటీ, ఏమైంది?" అంటోంది. నేను వంగి ఆ సాక్సులు, ఆ కాళ్ళు తడిమి చూశాను. బాగానే ఉన్నాయి.

బేకరీ ఆయన డిక్కీ దగ్గర నుంచి వచ్చాడు. ఏదో తమాషా అనుకున్నాడు, ముఖంలో ఇంకా నవ్వుంది. "ఏంటి చెల్లెమ్మా, సీట్లు ఊరికే చూస్తామంటే మరీ రోడ్డు మీదేనా?"

పాపను ఆయనకిచ్చి, మా ఆయన జేబులోంచి కత్తి తీసుకుని, నా కుట్లు నేనే కోశాను. ముందు మూల. రెగ్జిన్ లేపి స్పాంజి చీల్చాను. రింగు అక్కడే ఉంది, వైరు తొడుగులోకి దిగబడి. దాని చుట్టూ స్పాంజి అరచేయంత మేర మాడిపోయి, మధ్యలో నల్లగా, అంచుల్లో ఎర్రగా. బేకరీ ఆయన వంగి చూశాడు. రొట్టె రంగు చూసి మంటెంతుందో చెప్పగల మనిషి ఆయన. ఆయనకు ఎవరూ ఏమీ వివరించనక్కర్లేదు. ఆ మాడుకు వేలు ఆనించి, వెనక్కి తీసుకుని, పాప కాళ్ళ వైపు చూశాడు.

మర్నాడు సర్వేయర్ వచ్చాడు, మేము అడగకుండానే అంతా చెప్పాం, ఆయన రాసుకున్నాడు. కేసు నడిచింది. షెడ్డు మూతపడింది. మా ఆయన ఇప్పుడు వేరేవాళ్ళ దగ్గర పనిచేస్తాడు, ప్రతి ఫ్యూజు రెండుసార్లు చూస్తాడని వాళ్ళకు విసుగు. నేను కర్టెన్లు కుట్టుకుంటాను. మా అత్తగారు మళ్ళీ మాట్లాడుతుంది, ముందంత కాదు. మాస్టారి భార్య కాలు తీసేయాల్సి వచ్చింది. నిజం విన్నాక ఆవిడ నన్ను మళ్ళీ రానివ్వలేదు, ఆవిడ తప్పేం లేదు. ఇవన్నీ భయపడినట్టే జరిగాయి, జరిగాక భయం తీరిపోయింది. తీరనిది స్కూలు గేటు ముందు జరిగింది.

బేకరీ ఆయన పాపను భుజం మీదికి ఎత్తుకుని, "ఇంజన్లో అన్నావుగా?" అన్నాడు.

నేను చేతిలో కత్తి మడిచి మా ఆయనకిచ్చాను.

"ఎప్పట్నుంచి తెలుసు?" ఈసారి చెల్లెమ్మా అనలేదు.

నాకంటే ముందు మా ఆయన అందుకున్నాడు. "ఇవాళే అన్నయ్యా. గంట కూడా కాలేదు. తెలియగానే పరిగెత్తుకొచ్చాం. మీరే చూశారుగా."

అందులో అబద్ధం లేదు. ఆయనకు తెలిసింది ఇవాళే. నేను తలూపితే చాలు, చివరికి పిల్లను కాపాడినవాళ్ళమే అవుతాం. బేకరీ ఆయన కూడా అదే నమ్మాలనుకుంటున్నాడని ఆయన ముఖమే చెబుతోంది. పాప వాళ్ళ నాన్న భుజం మీద నుంచి నన్నే చూస్తోంది, అరిచినందుకు ఇంకా అలకగా.

"పదిహేడు రోజులు," అన్నాను.

బేకరీ ఆయన పెదవులు కదిలాయి. పొద్దున స్కూలుకు ఒకసారి, మధ్యాహ్నం ఇంటికి ఒకసారి, మధ్యలో సెలవులు తీసేసి. ఆ లెక్క పూర్తయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.